ఇంటికి తెచ్చిచ్చేదా, వచ్చి తీసుకునేదా: పన్నెండు వేల మందికి టోకెన్లు పంచిన నా అనుభవం

2024 ఏప్రిల్ మొదటి వారం. మా ఫౌండర్ ఒక స్ప్రెడ్‌షీట్ లింకు పంపి, కింద ఒకే లైను రాశాడు: "నెలాఖరులోపు వీళ్లందరికీ టోకెన్లు వెళ్లిపోవాలి." తెరిచి చూస్తే 12,304 వరుసలు. ఒక్కో వరుసలో ఒక క్రిప్టో వాలెట్ అడ్రసు, పక్కన ఎన్ని టోకెన్లో ఒక అంకె.

మాది కొండాపూర్‌లో ఆరుగురం కూర్చునే చిన్న గేమ్ కంపెనీ. రెండేళ్లుగా మా గేమ్‌ని ఆడి, తప్పులు పట్టి, మమ్మల్ని తిట్టి, మళ్లీ ఆడిన టెస్టర్లకి మా సొంత క్రిప్టో నాణేలు, అంటే టోకెన్లు, ఇస్తామని మాటిచ్చాం. ఇచ్చే రోజు వచ్చింది. అప్పటిదాకా నేను ఒకేసారి పది మందికి మించి టోకెన్లు పంపింది లేదు, అదీ చేత్తో, ఒక్కొక్కటీ చూసుకుంటూ.

ఎవరికైనా మొదట తట్టేదే నాకూ తట్టింది. ఒక లూప్ రాసి, జాబితాలో పైనుంచి కిందికి ఒక్కొక్కరికీ పంపుకుంటూ పోవడం. రాయడానికి పది నిమిషాలు పట్టింది. నడిపే ముందు ఎందుకైనా మంచిదని లెక్క వేశాను. మా టోకెన్ ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ (అందరూ కలిసి నడిపే ఉమ్మడి లెడ్జర్) మీద, దాని అసలు చైన్ అయిన మెయిన్‌నెట్‌లో ఉంది. అక్కడ ప్రతి పనికీ గ్యాస్ అనే కొలతలో రుసుము కట్టాలి. అంతకుముందు మా టోకెన్ లేని వాలెట్‌కి ఒకసారి పంపితే సుమారు 52,000 గ్యాస్ అవుతుంది. శుభ్రం చేశాక జాబితాలో మిగిలింది 11,860 మంది. రెండూ గుణిస్తే దాదాపు 61 కోట్ల 67 లక్షల గ్యాస్. ఆ వారం ఒక్కో గ్యాస్ ధర సుమారు 25 గ్వీ (గ్వీ అంటే ఈథర్‌లో వంద కోట్లలో ఒక వంతు), ఇథీరియం నాణెమైన ఈథర్ 3,500 డాలర్ల దగ్గర. పదిహేనున్నర ఈథర్. రూపాయల్లో దాదాపు 45 లక్షలు! మా కంపెనీ ఆఫీసు అద్దె ఎన్ని నెలలకి సరిపోతుందో మనసులో లెక్క వేసుకుని, లాప్‌టాప్ మూసి, కిందికి దిగి టీ తాగొచ్చాను.

తర్వాతి దారి బ్యాచ్. ఒకే లావాదేవీలో రెండు వందల మందికి పంపే చిన్న కాంట్రాక్ట్, అంటే చైన్ మీదే నడిచే ప్రోగ్రాం. డిస్పర్స్ లాంటి రెడీమేడ్ పనిముట్లు చాలా కాలంగా ఉన్నాయి, అడ్రసులూ అంకెలూ అతికించి నొక్కడమే. కొన్ని వందల మందికైతే ఇప్పటికీ నేను అదే వాడమంటాను, సొంతంగా కోడ్ రాయడం దండగ.

బ్యాచ్ చేస్తే ఎంత తగ్గుతుందో చూద్దామని ఆ 52,000ని విడగొట్టాను. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. అందులో 21,000 గేటు టికెట్ లాంటిది, లోపల ఏం చేసినా చేయకపోయినా ప్రతి లావాదేవీకీ కట్టాల్సిందే. పంపేవాడి నిల్వ మార్చడానికి ఇంకో 5,000. జరిగినదాన్ని లాగ్‌లో రాయడానికి 1,700 పైచిలుకు. మిగిలినదాంట్లో సింహభాగం 22,100. అది తీసుకునేవాడి పేరు మీద లెడ్జర్‌లో కొత్త గడి తెరిచే ఖర్చు. రెండు వందల మందిని ఒకే బండిలో ఎక్కిస్తే గేటు టికెట్ ఒక్కటే. పంపేవాడి నిల్వ కూడా మొదటిసారి మార్చినంత ఖర్చు రెండోసారి నుంచి ఉండదు. కానీ ఆ 22,100 ఉందే, దాన్ని ఎవడూ కదపలేడు. గ్యాస్‌లైట్ డ్రాప్ లాంటి బ్యాచ్ పనిముట్లలో మెషిన్‌కి దగ్గరగా ఉండే అసెంబ్లీ కోడ్ దాకా దిగి ప్రతి చిల్లరా గీకి తీశారు, అక్కడా కొత్త గడి కొత్త గడే. చివరికి తలకి 28,000 దగ్గర ఆగింది. ఖర్చు 45 లక్షల నుంచి 24 లక్షలకి దిగింది. మా ఫౌండర్‌కి చెబితే "ఇంకా దింపు" అన్నాడు, కూరగాయల బేరంలా.

అక్కడే మెర్కిల్ చెట్టు అనే దారి చూశాం. యూనిస్వాప్ అనే క్రిప్టో మార్పిడి వేదిక 2020 సెప్టెంబరులో తమ పాత వాడుకదారులకి తలా 400 యూఎన్ఐ టోకెన్లు ఇచ్చింది ఈ పద్ధతిలోనే. ఆ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. సంగతేమిటంటే, జాబితాని చైన్ మీద పెట్టనే పెట్టరు. ప్రతి వరుసనీ హాష్ చేసి, అంటే 32 బైట్ల వేలిముద్రలా మార్చి (ఇవి చెట్టుకి ఆకులు), రెండేసి హాష్‌లని కలిపి మళ్లీ హాష్ చేసి, అలా పైకి పోతే చివరికి 32 బైట్ల ఒకే ఒక్క వేరు మిగులుతుంది. ఆ ఒక్కటే కాంట్రాక్ట్‌లో ఉంటుంది. టోకెన్ కావలసినవాడు తన వరుస, దానితోపాటు వేరు దాకా దారి చూపించే హాష్‌లు పట్టుకొస్తాడు. 11,860 మందికి ఆ దారి 14 మెట్లు. కాంట్రాక్ట్ లెక్క కట్టుకుని, వేరు సరిపోతే ఇచ్చేస్తుంది. ఎవరు తీసుకున్నారో గుర్తు పెట్టుకోవడానికి మనిషికో బిట్టు చాలు, 256 మంది ఒకే గడిలో సర్దుకుంటారు. మాకు ఖర్చల్లా కాంట్రాక్ట్ పెట్టడం ఒక్కటే.

మరి మిగతా ఖర్చు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, తీసుకునేవాడి నెత్తిన పడింది. క్లెయిమ్ చేయడానికి, అంటే వచ్చి తీసుకోవడానికి, తలా 85,000 గ్యాస్, అంటే ఆ ధరకి 600 రూపాయల పైన. మా టెస్టర్లలో ఎక్కువమందికి వచ్చేది 250 టోకెన్లు. వాటి విలువ అంత ఉంటుందో లేదో మాకే తెలీదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసింది. ఎన్నికల కోడ్ వల్ల ఆ నెల పింఛను పంచడానికి వాలంటీర్లు రాకూడదన్నారు, చాలామంది సచివాలయానికి వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. "మూడు వేల కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టారు నాన్నా. ఆటోకే నలభై అయింది" అంది. నేను ఊరికే ఉండకుండా, ఇక్కడ మా ఆఫీసులోనూ అదే పంచాయితీ నడుస్తోందని చెప్పాను. ఇంటికి తెచ్చిస్తే ఖర్చు మాది, వచ్చి తీసుకోమంటే ఖర్చు వాళ్లది అని. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "రానివాళ్ల డబ్బు ఏం చేస్తార్రా?" అంది. మా మీటింగుల్లో అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది.

గ్యాస్ బాధ తీర్చింది మాత్రం మా తెలివి కాదు, కాలం కలిసిరావడం. 2024 మార్చి 13న ఇథీరియంలో డెన్‌కన్ అప్‌గ్రేడ్ వచ్చింది. లేయర్-2 చైన్లు (ఇథీరియం మీద ఆధారపడి చౌకగా నడిచే విడి చైన్లు) తమ సమాచారాన్ని చౌకగా పెట్టుకోవడానికి బ్లాబ్‌లు అనే వేరే చోటు ఇచ్చింది. ఆ చైన్ల మీద ఫీజులు రూపాయల్లోంచి పైసల్లోకి పడిపోయాయి. మేం టోకెన్‌ని ఆర్బిట్రమ్ అనే లేయర్-2 మీదికి తీసుకెళ్లాం. 24 లక్షలు అవుతుందనుకున్న పని రెండు వేల రూపాయల లోపు తేలేలా ఉంది. అంటే ఖర్చు చూసి దారి ఎంచుకోవాల్సిన పని లేకుండా పోయింది. అప్పుడు గానీ అసలు తేడాలు కనబడలేదు.

అడక్కుండా వాలెట్‌లో పడేస్తే కొందరికి అది చెత్త. వాలెట్లలో ఎవడో పంపిన దొంగ టోకెన్లు ఎప్పుడూ ఉంటాయి, మనదీ వాటిలో కలిసిపోతుంది. మన దేశంలోవాళ్లకి పన్ను గొడవ ఒకటి. క్రిప్టో అమ్మితే వచ్చే లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం, అదే ఏడాది జులై నుంచి ఒక శాతం టీడీఎస్. పెద్ద మొత్తాలు వచ్చేవాళ్లు కొందరు ముందే అడిగారు, "నేను మా ఆడిటర్‌తో మాట్లాడేదాకా పంపొద్దు" అని. న్యాయమే. ఇంకోవైపు, క్లెయిమ్ పేజీ పెట్టామంటే మనమే జనానికి లింకు నొక్కి వాలెట్ కలపడం అలవాటు చేస్తున్నట్టు. మేం క్లెయిమ్ ప్రకటించిన రెండో రోజుకే అచ్చం మా పేజీలాంటిది, పేరులో ఒక్క అక్షరం తేడాతో, ఇంకోటి వెలిసింది. అందుకే చివరికి రెండుగా చీల్చాం. 250 చొప్పున వచ్చే 9,400 మందికి నేరుగా పంపడం. అంతకంటే ఎక్కువ వచ్చే 2,460 మందికి క్లెయిమ్, 90 రోజుల గడువుతో. ఇప్పుడు మళ్లీ చేయమన్నా ఇలాగే చేస్తాను.

ఇంతా చెప్పి జాబితా సంగతి చెప్పలేదు. కోడ్‌కి నాలుగు రోజులు పడితే జాబితాకి తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి తలనొప్పి అంకెలు. మా టోకెన్‌కి 18 దశాంశాలు. చైన్ మీద 250 అంటే 250 పక్కన 18 సున్నాలు. స్ప్రెడ్‌షీట్ దాన్ని చూసి, ఇంత పొడుగు ఎందుకులే అని 2.5 పక్కన ఈ, ప్లస్ 20 అని కుదించి సీఎస్‌వీలో రాసిపెట్టింది. నా స్క్రిప్ట్ దాన్ని చదవలేక ఆగిపోయింది. ఆగిపోవడం అదృష్టం. అవే పొడుగు అంకెల్లో పదిహేనో స్థానం దాటిన అంకెలు సున్నా కాకపోయుంటే, స్ప్రెడ్‌షీట్ వాటిని చెప్పాపెట్టకుండా సున్నాలు చేసేది. అప్పటి నుంచి షీటులో మామూలు 250 అనే రాస్తాం. సున్నాలు తగిలించేది కోడ్ ఒక్కటే.

తర్వాత జంటలు. అడ్రసులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలగలిసి ఉంటే అది చెక్‌సమ్ కోసం, అంటే టైపింగ్ తప్పులు పట్టడానికి. అన్నీ చిన్నక్షరాల్లో రాసినా అదే అడ్రసు. కానీ స్క్రిప్ట్‌కి రెండూ వేరు వేరు మనుషులు. ఫారం రెండుసార్లు నింపినవాళ్లు అలా 287 మంది దొరికారు. పొడవు సరిపోనివి 119. మా టోకెన్ కాంట్రాక్ట్ అడ్రసునే తమ అడ్రసుగా ఇచ్చినవాళ్లు 21 మంది, వాళ్లకి పంపితే ఆ టోకెన్లు ఇక ఎవరికీ కాకుండా పోయేవి.

ఆ 119లో ఒక వరుస దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అడ్రసులో జీరో ఎక్స్ తర్వాత 40 అక్షరాలు ఉండాలి. అందులో 64 ఉన్నాయి. 64 అంటే ప్రైవేట్ కీ. ఎవరో అడ్రసు అడిగితే ఇంటి తాళమే తీసి ఫారంలో పెట్టారు. ఆ షీటు మా ఆఫీసులో నలుగురికి తెరుచుకుంటుంది. చూడకూడదనుకుంటూనే ఆ వాలెట్ నిల్వ చూశాను, అర ఈథర్ దాకా ఉంది. వెంటనే అతనికి మెయిల్ రాసి, ఆ వరుస తీసేసి, షీటు పాత వెర్షన్లతో సహా చెరిపించాను. రెండు గంటల తర్వాత జవాబు వచ్చింది, కొత్త అడ్రసు, కింద "థాంక్స్, అన్నీ మార్చేశాను" అని. ఆ రెండు గంటలూ ఆ వాలెట్ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేశానో లెక్కలేదు.

ఇంకో పదిహేడు అడ్రసులు చూడటానికి బాగానే ఉన్నాయి. కానీ అవి మెయిన్‌నెట్‌లో మామూలు వాలెట్లు కావు, కాంట్రాక్టులు, మల్టీసిగ్‌లు (ఒకరికి మించి సంతకం పెడితేనే కదిలే ఉమ్మడి వాలెట్లు). మెయిన్‌నెట్‌లో ఒక అడ్రసులో కాంట్రాక్ట్ ఉన్నంత మాత్రాన ఆర్బిట్రమ్‌లో అదే అడ్రసులో అదే కాంట్రాక్ట్ ఉండాలని లేదు. 2022 జూన్‌లో ఆప్టిమిజం అనే ఇంకో లేయర్-2లో జరిగింది ఇదే. వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థకి 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపితే, అవి చేరిన అడ్రసులో ఆప్టిమిజం వైపు ఇంకా ఏమీ లేదు. వాళ్లకంటే ముందు ఇంకెవడో అక్కడ తన కాంట్రాక్ట్ దింపుకుని టోకెన్లు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చాలా భాగం తిరిగిచ్చాడనుకోండి. కథ తెలుసు కాబట్టి ప్రతి అడ్రసునీ రెండు చైన్ల మీదా కోడ్ ఉందా లేదా అని అడిగి చూశాను. ఆ పదిహేడు మందినీ వేరే అడ్రసు ఇమ్మన్నాం. సమయానికి జవాబు ఎవరూ ఇవ్వలేదు, వాళ్ల సంగతి తర్వాత విడిగా చూసుకున్నాం. 12,304 లోంచి 11,860కి అలా వచ్చాం.

ఇక పంపడం. మొత్తం టోకెన్లు పంపే వాలెట్‌లో పెట్టలేదు, అవి ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే కదిలే మల్టీసిగ్‌లో ఉన్నాయి. ఐదు బ్యాచ్‌లకి సరిపడా, అంటే 2,50,000 టోకెన్లు బయటికి తీసి, బ్యాచ్ కాంట్రాక్ట్‌కి కచ్చితంగా అంతే అప్రూవల్, అంటే అంతవరకే తీసుకునే అనుమతి, ఇచ్చి, ఆ ఐదూ అయ్యాక మళ్లీ తీయడం. ప్రతిసారీ సంతకాల కోసం లేపుతుంటే మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు, "అన్నా, ఒకేసారి అన్‌లిమిటెడ్ ఇచ్చేయొచ్చుగా" అని విసుక్కున్నాడు.

శుక్రవారం రాత్రి, 47 బ్యాచ్‌లలో 30 సాఫీగా అయిపోయాయి. 31 దగ్గర తెర మీద టైమౌట్ అని వచ్చింది, స్క్రిప్ట్ మళ్లీ ప్రయత్నించింది, అయింది. 32, 33, 34 కూడా అయ్యాయి. 35 ఫెయిల్. అప్రూవల్ చాలలేదట. ఐదు బ్యాచ్‌లకి లెక్కపెట్టి ఇచ్చిన అప్రూవల్ నాలుగుకే ఎలా అయిపోతుంది?

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు పావుగంట పట్టింది. 31వ బ్యాచ్ రెండుసార్లు వెళ్లింది. కిరాణా కొట్టులో యూపీఐ చేస్తాం, ప్రాసెసింగ్ అని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, పోలేదనుకుని మళ్లీ కొడతాం, బయటికొచ్చాక రెండు మెసేజులు వస్తాయి. అచ్చం అదే. మేం చైన్‌తో మాట్లాడే సర్వర్ లావాదేవీని తీసుకెళ్లి చైన్‌కి ఇచ్చేసింది, ఇచ్చానని నాకు చెప్పడం మాత్రం ఆలస్యమైంది. నా స్క్రిప్ట్ ఆగి రిసీట్ ఉందా అని వెతకాలి. వెతక్కుండా, తర్వాతి నాన్స్ తీసుకుని ఇంకోటి పంపింది. నాన్స్ అంటే చెక్కు నంబరు అనుకోండి. పాత నంబరుతోనే మళ్లీ పంపి ఉంటే రెండింట్లో ఒకటే చెల్లేది. నేను కొత్త చెక్కు చింపి ఇచ్చాను. టెస్ట్‌నెట్‌లో, అంటే ఉత్తుత్తి టోకెన్లతో నడిచే ట్రయల్ చైన్‌లో, పదిసార్లు రిహార్సల్ చేశాం, అక్కడ ఒక్కసారి కూడా టైమౌట్ రాలేదు.

రెండు వందల మందికి 250 బదులు 500. వెనక్కి లాక్కునే దారి లేదు. ఫౌండర్‌కి ఫోన్ చేసే ముందు చెప్పాల్సింది ఒక కాగితం మీద రాసుకున్నాను, నోరు తడబడకుండా. విని, "ఐదు బ్యాచ్‌ల కంటే ఎక్కువ తీయకపోవడం మంచిదైంది" అన్నాడు. అంతే. ఆ 50,000 మా టీం వాటాలోంచి సర్దాం. ఆ రెండు వందల మందికీ నిజం రాశాం, తప్పు మాదే, ఉంచుకున్నా పర్లేదు, ఇవ్వాలనిపిస్తే ఈ అడ్రసుకి ఇవ్వండి అని. ఆరుగురు తిరిగి పంపారు. ఒకతను 250 బదులు 251 పంపాడు, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

శనివారం కూర్చుని కాంట్రాక్ట్ మార్చాను. ప్రతి బ్యాచ్‌కీ ఒక నంబరు. ఆ నంబరుతో ఒకసారి పంపితే కాంట్రాక్టే గుర్తుంచుకుంటుంది, రెండోసారి వస్తే తిప్పికొడుతుంది. కలిపి ముప్పై లైన్లు ఉండదు. ఇక నా స్క్రిప్ట్ పిచ్చిదై వందసార్లు పంపినా ఫర్వాలేదు. 35 నుంచి 47 దాకా మధ్యాహ్నం భోజనంలోపు అయిపోయాయి. అప్పుడు కూడా రెండుసార్లు టైమౌట్ వచ్చింది, అందులో ఒకటి నిజంగా వెళ్లిపోయినదే. కాంట్రాక్ట్ రెండోదాన్ని తిప్పికొట్టింది. అన్‌లిమిటెడ్ ఇచ్చేద్దామన్న కుర్రాడు పక్కనే కూర్చుని చూశాడు, ఏమీ అనలేదు.

క్లెయిమ్ వైపు ఒకే ఒక్క చిక్కు, అదీ నా చేతకానితనమే. టెస్ట్‌నెట్‌లో ప్రతి ప్రూఫూ, అంటే వేరు దాకా దారి చూపించే ఆ హాష్‌లు, చెల్లదంటోంది. అరపూట కొట్టుకున్నాక తేలిందేమిటంటే, మెర్కిల్ చెట్టు కట్టడానికి వాడిన ఓపెన్‌జెప్పెలిన్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ ప్రతి ఆకునీ రెండుసార్లు హాష్ చేస్తుంది. మధ్యలో ఉన్న కొమ్మని ఎవడూ ఆకని చెప్పి నమ్మించకుండా ఆ జాగ్రత్త. నేను యూనిస్వాప్ కోడ్ చూసి రాసిన కాంట్రాక్ట్ ఒక్కసారే చేస్తోంది. చెట్టు ఒకరిది, గొడ్డలి ఇంకొకరిది. రెండూ ఒకే చోట నుంచి తీసుకున్నాక ఇంకేం లేదు. ఏప్రిల్ 29న తెరిచాం. 90 రోజులు.

మొదటి వారంలో సగం మందికి పైగా తీసుకున్నారు. తర్వాత రోజుకి పది, ఐదు, ఒకటి. జూన్ నెలంతా దాదాపు నిశ్శబ్దం. గడువు దాటాక మిగిలినవి మల్టీసిగ్‌కి తిరిగి వచ్చేలా కాంట్రాక్ట్‌లో ఒక ఫంక్షన్ పెట్టాం. అమ్మమ్మ అడిగి ఉండకపోతే పెట్టేవాళ్లమో కాదో. అది లేకపోతే ఆ టోకెన్లు ఎప్పటికీ ఆ కాంట్రాక్ట్‌లోనే ఉండిపోయేవి.

జులై 28, ఆదివారం. గడువు ముగిసేసరికి ఏడు వందల మందికి పైగా రాలేదు. ఇంకో రెండు రోజులు చూద్దామన్నాడు ఫౌండర్. సోమవారం నలుగురు వచ్చారు. మంగళవారం ఎవరూ రాలేదు. రాత్రి ఇద్దరం సంతకాలు పెట్టి మిగిలినవి వెనక్కి తీసేశాం.

ఆ వారమే అమ్మమ్మకి ఫోన్ చేశాను. జులై ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే వచ్చి, బకాయిలతో కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారని అప్పటికి నాలుగోసారి చెప్పింది. తర్వాత గుర్తొచ్చినట్టుంది, "నీవాళ్లందరికీ అందాయిట్రా?" అంది.

"ఏడు వందల మంది రాలేదు అమ్మమ్మా."

"అడ్రసు ఉందిగా నీ దగ్గర. పోయి ఇచ్చి రాకపోయావా?"

మరుసటి రోజు ఆఫీసుకెళ్లి ఆ ఏడు వందల వరుసలనీ వేరే షీటులోకి తీసి పెట్టాను. నాలుగు బ్యాచ్‌లు అవుతాయి.